చెంగల్వకోష్టు చచ్చిపోలేదు, నిద్రపోతోంది

మీరు అడిగింది ఇదీ: పెరట్లో మామిడిచెట్టు నీడలో చెంగల్వకోష్టు వేసి రెండేళ్లయింది. రెండు వర్షాకాలాలు గడిచినా ఒక్క పువ్వూ రాలేదు. ఇప్పుడు డిసెంబర్‌లో ఆకులన్నీ పసుపురంగుకి తిరిగి కాడలు నేలకి వాలిపోయాయి. రోజూ నీళ్లు పోస్తున్నా కోలుకోవడం లేదు. చెట్టు కింద ఆకులుంటే పాములొస్తాయని ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఊడ్పిస్తున్నారు. మొక్క చచ్చిపోయినట్టేనా, పీకేయాలా?

పీకకండి. ముందు ఆ నీళ్లు ఆపండి, ఈ రోజే.

చెంగల్వకోష్టు మన తూర్పు కనుమల్లో తేమగా ఉండే అడవుల్లో, వాగుల గట్ల వెంట, పెద్ద చెట్ల అంచున పెరిగే మొక్క. అక్కడ జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు. ఆ తర్వాత నెలల తరబడి చినుకు పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఆ కాలం గట్టెక్కడానికి ఈ మొక్కకి ఒక పద్ధతి ఉంది. ఆకుల్లో, కాడల్లో ఉన్న సత్తువని దుంపలోకి లాక్కుని పైభాగాన్ని వదిలేస్తుంది. మీకు కనిపిస్తున్న పసుపురంగు ఆ పని జరుగుతోందనడానికి గుర్తు, జబ్బు కాదు. పసుపు పండించేవాళ్ల ఇళ్లల్లో ఇది అందరికీ తెలుసు. ఆకు పండి వాలిపోయాకే కదా దుంప తవ్వుతారు! పసుపు, అల్లం దీనికి దూరపు చుట్టాలు.

ఆకులు లేని మొక్క నీళ్లు పెద్దగా తాగలేదు. మనం పోసిన నీళ్లు దుంప చుట్టూ నిలబడతాయి. చలికాలంలో నీడపట్టున మట్టి తొందరగా ఆరదు. గాలి ఆడని ఆ తడిలో దుంపకి కుళ్లు పడుతుంది. నా మొదటి గుబురు ఇలాగే పోయింది. పక్కనున్న కనకాంబరాలకి వేసిన డ్రిప్ లైన్‌లోనే దీన్నీ కలిపేశాను. ఆకులు వాలిపోయాక కూడా ఆ పైపు తీయాలన్న ఆలోచన రాలేదు. ఏప్రిల్‌లో తవ్వి చూస్తే దుంప ఉండాల్సిన చోట గోధుమరంగు గుజ్జు, ముక్కు మూసుకునేంత కంపు. మూడేళ్లు పెంచిన గుబురు అది. చాలా బాధపడ్డాను. అందుకే మీ ప్రశ్నలో "రోజూ నీళ్లు" అన్న మాట చూడగానే ముందు అదే రాయాలనిపించింది.

ఇప్పుడు మీ దుంప ఎలా ఉందో చూసుకోండి. పార వాడొద్దు, చేత్తోనే మట్టి పక్కకి తీయండి. నాలుగు వేళ్ల లోతులోనే దుంప తగులుతుంది. అల్లం కొమ్ములా కణుపులు కణుపులుగా ఉంటుంది, దాని మీద అడ్డంగా రింగుల్లా పాత పొలుసుల మచ్చలుంటాయి. బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. అనుమానంగా ఉంటే గోటితో కొంచెం గీకండి. లోపల లేత మీగడరంగులో తడిగా ఉంటే నిశ్చింతగా మట్టి కప్పేయండి. వాసన కూడా చూడండి. అల్లం, పసుపులకి ఉండే ఘాటు దీనికి ఉండదు. ఘాటు వాసన వస్తే మీకు ఇచ్చినవాళ్లు వేరే మొక్క ఇచ్చారని అర్థం.

ఒక పక్క మెత్తబడి ఉంటే ఆ ముక్కని మంచి భాగం వచ్చేదాకా కోసి తీసేయండి. మిగిలిన దుంపకి కోసిన చోట పొడి బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కొత్త చోట పొడిమట్టిలో పెట్టండి. రెండు మూడు కళ్లున్న ముక్క మిగిలినా చాలు, గుబురు మళ్లీ కట్టుకుంటుంది. వాలిన కాడలు పూర్తిగా ఎండాక వాటంతట అవే ఊడి వస్తాయి, అప్పటిదాకా కోయొద్దు. కాడలో పచ్చదనం ఉన్నంతసేపూ దుంపకి ఎంతో కొంత అందుతూనే ఉంటుంది.

మామిడిచెట్టు కింద వేయడం ఒకరకంగా మీకు కలిసొచ్చింది. మామిడి రైతులు కూడా పూతకి ముందు రెండు మూడు నెలలు నీళ్లు ఆపేస్తారు. ఆ సమయంలో నేల ఆరితేనే పూత బాగా వస్తుంది. అంటే చెట్టుకీ, దాని కింద దుంపకీ ఇప్పుడు కావలసింది ఒకటే. పిందె కట్టాక మామిడికి నీళ్లు పెట్టాల్సి వచ్చినప్పుడు కొమ్మల చివర్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఆ అంచు వెంట పాదు చేసి పెట్టండి. చెట్టు నీళ్లు తాగే సన్నవేళ్లు అక్కడే ఎక్కువ. మొదలు వైపున్న గుబురుకి ఆ తడి చేరదు.

ఇక ఆకుల సంగతి. మీ మొక్క పూయకపోవడానికి నా లెక్కలో సగం కారణం చీపురే.

అడవిలో నేల మీద ఎప్పుడూ మట్టి కనిపించదు, ఆకులే కనిపిస్తాయి. ఒకసారి ఆ ఆకులు పొరలు పొరలుగా తీసి చూడండి. పైన నిన్నమొన్న రాలినవి, గలగలలాడుతూ ఉంటాయి. దాని కింద పోయినేడాదివి, తడిగా, ఒకదానికొకటి అంటుకుని, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా ఉంటాయి. ఇంకా కిందికి వెళ్తే ఆకు అని గుర్తుపట్టలేని నల్లటి పొడి, దాంట్లో తెల్లటి బూజు దారాలు. చేతిలోకి తీసుకుంటే స్పాంజిలా మెత్తగా ఉంటుంది, వానపడ్డ మట్టి వాసన వస్తుంది. దుంపలు పాకేది ఆ నల్లటి పొరలోనే. వానాకాలంలో అది నీళ్లని పట్టి ఉంచుతుంది, కానీ నిలవనివ్వదు. ఎండాకాలంలో పైన నేల కాలిపోతున్నా కింద దుంప ముడుచుకుపోకుండా ఆ కాస్త చల్లదనం కాపాడుతుంది. నీళ్లు పోయకుండా ఎండాకాలం ఎలా గడుస్తుందని భయపడేవాళ్లకి నా జవాబు కూడా ఇదే. పైన ఆకుల దుప్పటి ఉంటే గడుస్తుంది.

రోజూ ఊడిస్తే ఆ మూడు పొరల్లో ఒక్కటీ తయారవదు. మట్టి గట్టిపడి తారురోడ్డులా అవుతుంది. వానపడితే నీళ్లు పైపైన జారిపోతాయి. మనం ఎరువు వేసినా సన్నవేళ్లకి దారి దొరకదు.

పెద్దవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆకుల కింద తేళ్లు, పాములు ఉండే మాట నిజమే. అందుకని పెరడంతా ఆకులు పరచనక్కర్లేదు. గుబురు చుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పున ఒక మడి కట్టండి, రాళ్లో ఇటుకలో అంచుగా పెట్టి. ఊడ్చిన ఆకులన్నీ ఆ మడిలోకే చేర్చండి, నాలుగు అంగుళాల మందానికి మించకుండా. గుట్టగా పోస్తేనే పాముకి దాక్కోవడానికి చోటు దొరుకుతుంది, పలచగా పరిస్తే అంత చోటుండదు. గోడ మూలకీ, నడిచే దారికీ, గుమ్మానికీ ఆ మడి దూరంగా ఉండాలి. పని చేసేటప్పుడు కాళ్లకి బూట్లు వేసుకుని, ముందు కర్రతో కదిపి, తర్వాతే చెయ్యి పెట్టండి. మా ఇంట్లో కూడా ఈ ఒప్పందం మీదే ఆకులు నిలిచాయి. మిగతా వాకిలంతా అద్దంలా ఉంటుంది, ఆ మడి జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు.

మామిడాకు దళసరి కాబట్టి తొందరగా కుళ్లదు. కాళ్లతో తొక్కి నలిపి, లేదా చిన్న ముక్కలుగా చేసి వేస్తే మంచిది. వేప, కానుగ ఆకులు దొరికితే కలపండి. చెట్టు మొదలుకి మాత్రం జానెడు దూరం వదిలేయండి, లేకపోతే చెద ఎక్కుతుంది. ఎక్కువ ఆకులుంటే గోనెసంచిలో కుక్కి, తడిపి, నీడలో పడేయండి. ఏడాది తిరిగేసరికి సంచి పావువంతుకి దిగిపోయి నల్లటి పొడి చేతికొస్తుంది. ఏ నర్సరీ మిశ్రమం కంటే నేను దాన్నే నమ్ముతాను.

పువ్వు రాకపోవడానికి మిగతా సగం కారణం వెలుతురు. నీడ మొక్క అనగానే చాలామంది చీకట్లో పెట్టేస్తారు. ఈ మొక్క అడవి నడిబొడ్డున కంటే అడవి అంచునే బాగా పూస్తుంది. వర్షాకాలంలో ఒక ఎండ రోజు మధ్యాహ్నం గుబురు దగ్గర నిలబడి నేలకి అడుగు ఎత్తులో మీ అరచేయి పెట్టండి. నీడలో వేళ్లు లీలగా విడివిడిగా కనిపిస్తే సరైన వెలుతురు. చెయ్యి నీడే పడకపోతే అది మరీ చీకటి. అక్కడ మొక్క బతుకుతుంది, ఆకులు పెద్దగా వేస్తుంది, వెలుతురు కోసం ఒక పక్కకి ఒరుగుతూ పెరుగుతుంది, కానీ పూయదు. మీ మొక్క కాడలు ఏ పక్కకైనా ఒరిగి పెరిగాయా, గుర్తు చేసుకోండి. అలా అయితే కోత అయిపోయాక మామిడిచెట్టు కింది కొమ్మలు ఒకటో రెండో తీయించండి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు వాలుగా తగిలితే చాలు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే మాత్రం ఆకు అంచులు మాడతాయి.

ఎరువు విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో వానలు మొదలయ్యేటప్పుడు రెండు దోసిళ్లు, ఆగస్టులో ఇంకోసారి. యూరియా వద్దు. కాడలు నీరుపట్టి పొడుగ్గా పెరిగి గాలికి పడిపోతాయి, పువ్వు రాదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆకు కొనలు మాడినట్టు ఎండుతాయి. వాన నీళ్లు పట్టి పోసే వీలుంటే ఆ తేడా ఒక్క నెలలో తెలుస్తుంది.

నీళ్లకి నేను కార్తెల లెక్కే పాటిస్తాను. రోహిణి కార్తె, అంటే మే ఆఖరు వారం దాకా ఏమీ పోయను. కుండీలో ఉంటే మాత్రం ఇరవై రోజులకొకసారి ఒక గ్లాసు, మట్టి దుమ్ములా కాకుండా. ముందస్తు వానలు రెండు పడగానే దుంప కదులుతుంది. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె వచ్చేసరికి ఆకుల దుప్పటిని పొడుచుకుని మొలకలు పైకొస్తాయి, వేలంత లావున, ఎర్రటి ఛాయతో, బల్లెం మొనలా. అప్పటినుంచి మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. వానల మధ్య వారం ఎండ కాస్తే నిండుగా తడపండి. అక్టోబర్ చివర్లో తగ్గించి, కింది ఆకులు పండడం మొదలవగానే పూర్తిగా ఆపేయాలి. మొలక వచ్చే పదిహేను రోజులూ నత్తలతో జాగ్రత్త. రాత్రి టార్చి లైటుతో వెళ్లి ఏరేయడం తప్ప నాకు వేరే దారి పనిచేయలేదు. మొన కొరికేస్తే ఆ కాడ ఇక పెరగదు.

ఆ మొలక విప్పుకునేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. ఆకులు ఎదురెదురుగా రావు, అటొకటి ఇటొకటిగానూ రావు. ఒక్కో ఆకు ముందు ఆకుకి కొంచెం పక్కగా, కొంచెం పైన వస్తూ కాడ చుట్టూ మెట్లు తిరుగుతాయి. అందుకే కాడే మరచుట్టులా మెలి తిరిగినట్టుంటుంది. ఆకు అడుగున చెయ్యి పెడితే పట్టుగుడ్డలా నూగు తగులుతుంది. పై ఆకు నీడ కింది ఆకు మీద నేరుగా పడకుండా ఈ మెట్ల అమరిక కాపాడుతుంది. తక్కువ వెలుతురులో బతికే మొక్కకి అది ఎంత ఉపయోగమో ఆలోచించండి.

పువ్వు ఎలా వస్తుందో తెలియక మొగ్గని తుంచేసినవాళ్లని చూశాను, అందుకని ఇదీ చెప్తాను. జూలై, ఆగస్టుల్లో కాడ చివర ఎర్రటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుడ్డు ఆకారంలో ఒక కంకి వస్తుంది. చూడ్డానికి అదే పువ్వులా ఉంటుంది. కానీ అసలు పువ్వు ఆ పొలుసుల సందుల్లోంచి వస్తుంది. తెల్లగా, ముడతలు ముడతలుగా, నలిపి విప్పిన పల్చటి కాగితంలా, గొంతులో పసుపు ఛాయతో. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికి వాడిపోతుంది. రోజుకి ఒకటో రెండో, అంతే. కానీ ఆ కంకి వారాలకొద్దీ అలా పూస్తూనే ఉంటుంది. నల్ల తుమ్మెదలు వచ్చి పువ్వు గొంతులోకి దూరి వెనక్కి తిరగలేక వెనకడుగు వేస్తూ బయటికొస్తాయి, వీపు నిండా పుప్పొడితో.

కంకి మీద చీమలు తిరుగుతుంటాయి. మందు కొట్టకండి. పొలుసుల కొనల దగ్గర తేనెలాంటి చుక్క ఊరుతుంది, అవి దానికోసం వస్తాయి. ఆ తిరుగుళ్ల వల్ల కంకిని తొలిచే పురుగులు దగ్గరికి రాలేవు. పూలయ్యాక ఎర్రటి కాయలు పగిలి నల్లటి గింజలు బయటపడతాయి, వాటికి తెల్లటి మెత్తటి పొర అంటుకుని ఉంటుంది.

పేరు దగ్గర కూడా చాలా గందరగోళం ఉంది. "ఇన్సులిన్ మొక్క" అని ఇళ్లల్లో పెంచేది ఇది కాదు. అది బ్రెజిల్ నుంచి వచ్చిన చుట్టపు మొక్క, పొట్టిగా ఉండి నారింజరంగు పువ్వులు పూస్తుంది. పచారీ కొట్లలో, ఆయుర్వేద మందుల్లో కోష్టు అనేది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క వేరు, దానికీ దీనికీ చుట్టరికమే లేదు. చెంగల్వకోష్టు దుంపలో డయోస్‌జెనిన్ అనే పదార్థం ఉంటుంది, స్టెరాయిడ్ హార్మోన్ మందుల తయారీకి ముడిసరుకు అది. కాబట్టి సొంతవైద్యంగా దుంప తినడం, షుగర్‌కని ఆకు నమిలి వేసుకునే మందులు మానేయడం చేయకండి. శాస్త్రీయ నామం కూడా మారుతూ వచ్చింది. దీన్ని 1783లో తొలిసారి శాస్త్రీయంగా వర్ణించినవాడు కోనిగ్, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కి శిష్యుడు. ఆయన 1785లో మన కాకినాడ దగ్గర జగన్నాథపురంలోనే చనిపోయాడు. తర్వాత చాలాకాలం కోస్టస్ స్పెసియోసస్ అన్నారు, ఇప్పుడు హెల్లెనియా స్పెసియోసా అంటున్నారు. పాత పుస్తకాల్లో, నర్సరీ చీటీల మీద ఇంకా కోస్టస్ అనే ఉంటుంది.

మొక్క కోసం అడవికి వెళ్లి తవ్వి తేకండి. రిజర్వు ఫారెస్టులో మొక్క పెకలించడం చట్టప్రకారం నేరం. పైగా వాగు గట్టున ఒక గుబురు తీస్తే ఆ గట్టు మట్టి మొదటి వానకే కోసుకుపోతుంది. ఒక్క గుబురున్నవాళ్ల దగ్గర ఎంతమందికైనా సరిపోయేంత పిలక వస్తుంది, అడిగితే ఎవరూ కాదనరు. మే నెలలో మొలక కదలకముందే దుంపని రెండు మూడు కళ్లుండేలా విడదీయాలి. లేదా వర్షాకాలంలో ముదురు కాడని జానెడు ముక్కలు చేసి తడి ఇసుక మీద అడ్డంగా పడుకోబెట్టి సగం కప్పితే కణుపుల దగ్గర పిలకలొస్తాయి. దుంప ముక్క చాలాసార్లు రెండో ఏడాదికి పూస్తుంది, కాడ ముక్కకి ఇంకో ఏడాది పట్టొచ్చు. గింజల నుంచి పెంచడానికి ఓపిక ఎక్కువ కావాలి.

నాటేటప్పుడు మామిడి లావు వేళ్లని నరకకండి. వేళ్ల మధ్య ఖాళీ వెతుక్కుని జానెడు లోతు గుంట తీసి, సగం ఆకుల పొడితో నింపి, దుంపని అడ్డంగా, రెండంగుళాల లోతులో పెట్టండి. ఒక్కో ముక్కకి మూడడుగుల దూరం ఉంచండి. గుబురు మనిషెత్తు దాటి పెరుగుతుంది, ఏటా పక్కకి జరుగుతుంది కూడా. విదేశాల్లో ఉండి చదివేవాళ్లకి ఒక మాట. హవాయి లాంటి పసిఫిక్ దీవుల్లో ఇది పెరళ్లు దాటి అడవుల్లోకి పాకి అక్కడి మొక్కలకి ఇబ్బందిగా మారింది. మీరున్న చోట దీన్ని వేయొచ్చో లేదో ముందు తెలుసుకుని వేయండి, లేదంటే అక్కడి అడవి మొక్కనే పెంచండి.

ఆరు నెలలు ఆ మడి బోసిగా ఉంటుందని మీకు దిగులనిపిస్తే గుబురుకి రెండడుగుల దూరంలో చాగనార వేయండి, నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ అనేదానికి దగ్గరి చుట్టం. అది కూడా మన నేల మొక్కే. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, నీడని తట్టుకుంటుంది, చలికాలంలో నీళ్లు అడగదు. దుంప ఎక్కడుందో గుర్తుగా ఒక పుల్ల కూడా పాతండి, ఎవరైనా తెలియక పార వేస్తారు. మే ఆఖర్లో ఆ పుల్ల పక్కన ఆకులు ఒకసారి మెల్లగా ఎత్తి చూసి, ఎర్రటి మొన కనిపిస్తే అప్పుడు మొదటి చెంబు నీళ్లు పోయండి.